సంతకం తడబడకముందే

లివర్ బాగా దెబ్బతిన్న మనిషికి డాక్టర్లు మంచం పక్కనే ఒక పరీక్ష చేస్తారు. రెండు చేతులూ ముందుకు చాపి, మణికట్లు పైకెత్తి, వేళ్లు విడదీసి కాసేపు అలాగే ఉంచమంటారు. మెదడు తేటగా ఉన్నవాళ్ల చేతులు నిలకడగా ఉంటాయి. లివర్ శుభ్రం చేయలేక వదిలేసిన అమ్మోనియా వంటి విషాలు తలకెక్కినవాళ్ల చేతులు మాత్రం పిట్ట రెక్కల్లా టపటపా వాలి మళ్లీ లేస్తాయి. ఇంకో పరీక్షకు డాక్టరు కూడా అక్కర్లేదు. రోజూ ఒక కాగితం మీద సంతకం చేయిస్తే చాలు. వారం కిందటి సంతకం పక్కన ఇవాళ్టిది పెట్టి చూస్తే తెలిసిపోతుంది: అక్షరాలు సాగుతాయి, వరస కిందికి జారుతుంది, పేరులో ఒక అక్షరం ఎగిరిపోతుంది. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, అడిగిందే మళ్లీ అడగడం, పిల్లల పేర్లు తారుమారు కావడం ఆ వెనకాలే వస్తాయి. ముదిరిన లివర్ క్యాన్సర్ గురించి ఇంటిల్లిపాదీ ముందు తెలుసుకోవాల్సింది ఇదేనని నేను అనుకుంటాను. ఈ జబ్బులో ప్రాణం కంటే ముందు తెలివి మసకబారవచ్చు. బతికే కాలం ఒకటి, నిర్ణయం తీసుకోగల కాలం ఇంకొకటి. చాలామందిలో రెండోది పొట్టిది.

అందువల్ల నా వాదన ఒక్కటే. క్యాన్సర్ లివర్ దాటి ఊపిరితిత్తులకో, ఎముకలకో, పొట్టలోని గ్రంథులకో పాకిందని స్కానులో తేలినప్పుడు, ఇంకెంత కాలం అన్న అంచనాను రోగికే, రోగి మాట్లాడే తెలుగులో, నెలల లెక్కన చెప్పాలి. కొడుకును పక్కకు పిలిచి వరండాలో చెప్పి పంపితే ఆ బాధ్యత తీరదు. గుత్తి లాంటి ఊరికి ఇది మరీ అవసరం. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే జాతీయ రహదారి మీద, రెండు నగరాలకూ దాదాపు మధ్యలో ఉంది ఈ ఊరు. ఎటు పోయినా మూడు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. జంక్షన్‌లో నిలబడితే రెండు వైపులకూ రైలు దొరుకుతుంది. అనంతపురం యాభై కిలోమీటర్లు, కర్నూలు వంద దరిదాపు. కర్నూలుకు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది, తిరుపతిలో టాటా ట్రస్టుల చేయూతతో 2022లో క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది. అయినా స్కాను రిపోర్టు చేతికి రాగానే ఇక్కడివాళ్ల మనసు ఆ రెండు మహానగరాల వైపే పోతుంది. దారి ఉంది, రైలు ఉంది, పోదాం పదండి అంటారు. పోతే ఏమి దొరుకుతుంది, ఎంత కాలం దొరుకుతుంది అన్న ప్రశ్న మాత్రం అడగకుండానే మిగిలిపోతుంది.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. "లివర్‌కు పాకింది" అనే మాటలో రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోయి ఉన్నాయి. పెద్దపేగులోనో, రొమ్ములోనో, ఊపిరితిత్తిలోనో పుట్టిన క్యాన్సర్ లివర్‌లోకి వచ్చి చేరితే అది పుట్టిన చోటి క్యాన్సరే. దాని మందులు వేరు, దాని లెక్క వేరు. పెద్దపేగు క్యాన్సర్ లివర్‌లో ఒకటి రెండు చోట్లకే పరిమితమై, ఆ ముక్క కోసి తీయడానికి వీలైనవాళ్లలో నూటికి 40 మంది దాకా ఐదేళ్లు దాటుతున్నారు. లివర్ కణాల్లోనే పుట్టిన క్యాన్సర్ బయటికి పాకితే పరిస్థితి పూర్తిగా వేరు. అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీల ప్రకారం, లివర్‌లోనే ఉండగా పట్టుబడితే నూటికి 37, 38 మంది ఐదేళ్లు బతుకుతున్నారు. చుట్టుపక్కల గ్రంథులకు చేరాక 13, 14 మంది. దూరపు అవయవాలకు పాకాక 3, 4 మంది. పక్కింటాయన బాబాయికి లివర్‌లో గడ్డ ఉన్నా ఆపరేషన్ చేస్తే పదేళ్లు బతికాడట అని ఎవరో చెప్పిన మాట మీద పొలం తాకట్టు పెట్టే ముందు, ఆయనకు వచ్చిన జబ్బూ మన ఇంట్లోని జబ్బూ ఒకటేనా అని బయాప్సీ కాగితం చూపించి అడగాలి.

లివర్‌లో పుట్టిన క్యాన్సర్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. చాలామందిలో అది ఆరోగ్యంగా ఉన్న లివర్‌లో పుట్టదు. ఏళ్ల తరబడి దెబ్బతిని, గట్టిపడి, ముడుచుకుపోయిన లివర్‌లో, అంటే సిరోసిస్ మీద పుడుతుంది. కాబట్టి రోగి ఒకేసారి రెండు జబ్బులతో ఉంటాడు. ఎంతకాలం అన్న ప్రశ్నకు జవాబు గడ్డ ఎంత ఉందన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో, మిగిలిన లివర్ ఎంత పనిచేస్తోందన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది. దీన్ని లెక్కగట్టడానికి చైల్డ్–ప్యూ అనే పాత పద్ధతి ఉంది. రక్తంలో బిలిరుబిన్ ఎంత, అల్బుమిన్ ఎంత, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోంది, పొట్టలో నీరు చేరిందా, తెలివి తేటగా ఉందా అన్న ఐదు విషయాలకు మార్కులు వేసి ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేస్తారు. మామూలు రక్తపరీక్షలు, ఒక స్కాను, డాక్టరు కళ్లు ఉంటే చాలు. సొరాఫెనిబ్ అనే మాత్ర వాడిన వేలమంది రోగులను దేశదేశాల్లో గమనించిన గిడియన్ అధ్యయనంలో, ఏ తరగతివాళ్లలో సగం మంది 13.6 నెలలు దాటి బతికారు. బీ తరగతిలో ఆ లెక్క 5.2 నెలలు. సీ తరగతిలో 2.6 నెలలు. మందు అదే, గడ్డ అదే రకం. తేడా అంతా లివర్‌లో మిగిలిన సత్తువది. ఈ తరగతి ఏదో అనంతపురంలోనే చెప్పేయవచ్చు. అది తెలియకుండా ఎవరూ పెద్ద ఊరికి బయలుదేరకూడదు.

ఇక్కడ 'సగం మంది' అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఈ నేల మీద బతికినవాళ్లకు అది కొత్తగా నేర్పాల్సిన పని లేదు. అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. ఆ లెక్క ప్రకారం ప్రతి ఏడూ అంతే పడుతుందని నమ్మి శనక్కాయ వేసే రైతు గుత్తి మండలంలో ఒక్కడూ ఉండడు. ఒక ఏడు సగం కూడా పడదు, ఒక ఏడు చెరువు అలుగు పారుతుంది. అయినా ఆ లెక్క పనికిరాదని ఎవరూ అనరు. ఏ పంట వేయాలి, ఎంత అప్పు చేయవచ్చు, విత్తనం కొంత దాచుకోవాలా అన్నవన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. డాక్టరు ఐదు నెలలు అన్నప్పుడు కూడా అంతే. అలాంటి రోగుల్లో సగం మంది ఆ లోపే పోతారు, సగం మంది దాటుతారు, కొద్దిమంది బాగా దాటుతారు. ఐదు నెలలకు పోతారని డాక్టరు తేదీ రాసిచ్చినట్టు కాదు. వానల రాకను ఒక శ్రేణిగా అర్థం చేసుకోగల మనుషులకు ప్రాణం లెక్కను శ్రేణిగా చెబితే అర్థం కాదనడం వాళ్లను తక్కువ చేయడమే.

మొదట చెప్పిన సంతకం దగ్గరికి మళ్లీ వస్తాను. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనో రొమ్ము క్యాన్సర్‌లోనో చాలామంది చివరి వారాల వరకూ తమ మాట తాము చెప్పుకోగలుగుతారు. లివర్ చేతులెత్తేస్తే అంత గడువు దొరక్కపోవచ్చు. నాలుగు రోజులు మలబద్ధకం ఉన్నా, ఒంట్లో నీరు తగ్గినా, నిద్రమాత్ర ఒకటి వేసినా, కడుపులో కొద్దిగా రక్తం కారినా తెలివి మసకబారుతుంది. లాక్టులోజ్ సిరప్‌తో రోజుకు రెండు మూడుసార్లు విరేచనం అయ్యేలా చూసుకుంటే చాలాసార్లు మళ్లీ తేటపడుతుంది, అది నిజమే. కానీ ఒక్కోసారి తేటపడదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా చెల్లాలంటే రాసేవాడికి మనసు స్థిమితంగా ఉండాలి. పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరన మార్చాలి, బ్యాంకు ఖాతాకు నామినీ ఎవరు, ఎవరికి ఎంత బాకీ, ఎవరినుంచి ఎంత రావాలి, చిన్నమ్మాయి పెళ్లికని దాచింది ఎక్కడుంది అన్నవన్నీ ఆ మనిషి నోట రావాల్సినవి. ఇవి చెప్పుకోవడానికి మిగిలిన కాలం మూడు నెలలో మూడు వారాలో తెలియనివ్వకుండా మనం ఆయన చేతిలోంచి లాగేసుకుంటున్నాం. ఆ తర్వాత అన్నదమ్ములు కోర్టు గుమ్మం ఎక్కితే దానికి కారణం ఆ రోజు వరండాలో జరిగిన గుసగుస కూడా.

డబ్బు మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇవాళ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం పేదవాడికి క్యాన్సర్ ఆపరేషన్‌నూ కీమోనూ అందుబాటులోకి తెచ్చింది. దాన్ని తక్కువ చేయను. కానీ వెంట వెళ్లిన ఇద్దరి కూలి, ఆసుపత్రి ఎదుటి గది అద్దె, మళ్లీ మళ్లీ ప్రయాణం, పథకంలోకి రాని పరీక్షలు, ఇంటి దగ్గర ఎండిపోయే పశువులు, వీటి లెక్క ఏ బిల్లులోనూ కనబడదు. అప్పు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి పుడుతుంది. బీ తరగతి, సీ తరగతి లివర్‌తో ఉన్న మనిషి మూడో ప్రయాణం తట్టుకోలేడని ముందే తెలిసి ఉంటే ఆ కుటుంబం వేరేలా నిర్ణయించుకునేది. కొందరు తెలిసీ పోతామంటారు. అది వాళ్ల హక్కు. తెలియక పోవడమే అన్యాయం.

లివర్ జబ్బు చుట్టూ ఇంకో మౌనం ఉంది. లివర్ పోయిందంటే తాగి పోగొట్టుకున్నాడని ఊరు తీర్పు చెప్పేస్తుంది. ఆ నింద భయానికి ఇంట్లోవాళ్లు జబ్బు పేరే దాచి, పచ్చకామెర్లని చెప్పి ఆకు పసరు పోయిస్తారు. సారా వల్ల లివర్లు చెడుతున్న మాట వాస్తవమే. అయితే ప్రపంచంలో లివర్ క్యాన్సర్‌కు అతిపెద్ద కారణం హెపటైటిస్ బి వైరస్. తల్లినుంచి బిడ్డకు, రక్తం ద్వారా, సూదుల ద్వారా వచ్చి ఇరవై ముప్పై ఏళ్లు చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది. 2022 నాటికి మన దేశంలో 2.98 కోట్ల మందిలో అది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంకో కారణం మన పొలంలోనే ఉంది. కాయ ఊరే సమయంలో వాన ముఖం చాటేస్తే, బెట్టకు పగిలిన శనక్కాయలోకి ఒక బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది లివర్ క్యాన్సర్ తెచ్చేదిగా అంతర్జాతీయ సంస్థలు తేల్చినది. హెపటైటిస్ బి ఉన్నవాళ్ల ఒంట్లోకి అది చేరితే ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. కాబట్టి జబ్బు పేరు బయటికి చెప్పడం రోగి ఒక్కడికి సంబంధించిన విషయం కాదు. వైరస్ వల్ల వచ్చిందని తేలితే భార్యాబిడ్డలకూ తోడబుట్టినవాళ్లకూ ఆ రక్తపరీక్ష చేయించాలి, లేనివాళ్లకు టీకా వేయించాలి, ఉన్నవాళ్లను ఆరు నెలలకోసారి స్కానుతో కనిపెట్టి ఉండాలి. ఆ టీకాను 1997లో చవగ్గా తయారుచేసి చూపించింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. మన చేతికి అంత దగ్గరగా ఉన్న రక్షణ, పేరు దాచిన ఇంటికి చేరదు.

ఇక నా మాటకు వచ్చే అభ్యంతరాలు. మొదటిది ప్రేమలోంచి పుట్టింది: "మా నాయనకు చెప్పొద్దు సార్, తెలిస్తే రేపే పోతాడు." ఈ మాట అనే కొడుకును తప్పుపట్టను. కానీ ఆ భయానికి ఆధారం దొరకడం లేదు. బోస్టన్‌లో 151 మంది పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, కొందరికి మామూలు చికిత్స ఇచ్చారు, కొందరికి దాంతోపాటు మొదటినుంచే ఉపశమన వైద్యం ఇచ్చి, జబ్బు పోకడ గురించి విడమరచి మాట్లాడారు. ఉపశమన వైద్యం కూడా అందినవాళ్లలో దిగులు తక్కువగా కనిపించింది. చివర్లో వాళ్లు ఒళ్లు హూనం చేసే చికిత్సలు తక్కువ తీసుకున్నారు. అయినా వాళ్లలో సగం మంది 11.6 నెలలు దాటారు, మిగతావాళ్లలో ఆ లెక్క 8.9 నెలలు. అది వేరే క్యాన్సర్, వేరే దేశం అన్నది నిజమే, ఆ నెలలను తెచ్చి లివర్‌కు అతికించకూడదు. కానీ చెప్పడం చంపుతుందన్న నమ్మకాన్ని అది గట్టిగా కదిలిస్తుంది. పైగా రోగికి ఏమీ తెలియదనుకోవడం మన భ్రమ. పొట్ట ఉబ్బి, భుజాలు ఎండి, కళ్లు పసుపెక్కిన మనిషి అద్దం చూసుకోడా? ఇంట్లో మాటలు ఆగిపోవడం వినబడదా? ఆయనకూ తెలుసు, వాళ్లకూ తెలుసు, ఒకరికొకరు చెప్పుకోరు. ఒక్కడే భయపడుతూ కూర్చుంటాడు. ఇక అసలు తెలుసుకోను అనేవాళ్లూ ఉంటారు. వాళ్లను ముందు ఒక్క ప్రశ్న అడగాలి: "మీ జబ్బు సంగతులు మీకే చెప్పమంటారా, ఇంట్లో ఎవరికైనా చెప్పమంటారా?" కొడుక్కు చెప్పండి అని ఆయన అంటే అది ఆయన నిర్ణయం. ఆ ఎంపిక ఆయన్నుంచి రావాలి.

రెండో అభ్యంతరం డాక్టర్లది: మా అంచనాలు తప్పుతాయి, ఎందుకు చెప్పాలి? తప్పుతాయి, ఎటువైపు తప్పుతాయో కూడా తెలుసు. చికాగోలో అవసాన దశలోని 468 మంది గురించి డాక్టర్లు వేసిన అంచనాలను నిజంగా బతికిన రోజులతో పోల్చి 2000లో ప్రచురించారు. ఐదింట ఒకటి మాత్రమే సరిపోయింది. నూటికి 63 అంచనాలు ఉన్నదానికంటే ఎక్కువ కాలం చెప్పినవి. రోగితో పరిచయం పెరిగిన కొద్దీ డాక్టరు లెక్క ఇంకా తప్పింది. మనిషిని దగ్గరగా ఎరిగినవాడికి చెడు మాట నోటికి రాదు మరి. దీన్నుంచి నేర్చుకోవాల్సింది మౌనం కాదు. ఒక్క అంకె బదులు శ్రేణి చెప్పాలి: బాగుంటే ఇంత, బాగాలేకపోతే ఇంత, ఎక్కువమందికి జరిగేది ఇంత. నెలల్లో చెప్పలేకపోతే సంవత్సరాలా, నెలలా, వారాలా అన్నదైనా చెప్పాలి. పొట్టలో నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే, కామెర్లు పెరుగుతుంటే, ఎక్కువసేపు మంచం మీదే గడుస్తుంటే లెక్క మారిందని మళ్లీ కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పకపోతే రోగి ఖాళీగా ఉండడు, తనకు తోచింది నమ్ముతాడు. అమెరికాలో 2012లో వెలువడిన అధ్యయనంలో, పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవాళ్లలో నూటికి 69 మందికి, పాకిన పెద్దపేగు క్యాన్సర్‌కు తీసుకుంటున్నవాళ్లలో 81 మందికి ఆ మందు తమ జబ్బును పూర్తిగా నయం చేయకపోవచ్చన్న సంగతి బోధపడలేదు. చదువుకున్న దేశంలోనే అంత అపార్థం ఉంటే, ఇంగ్లిష్‌లో రాసిన డిశ్చార్జి కాగితం పట్టుకుని రైలెక్కే మనిషి సంగతి ఊహించుకోవచ్చు.

మూడోది అన్నిటికంటే గట్టిది. కొత్త మందులు వచ్చాయి కదా, పాత లెక్కలతో ఎందుకు భయపెడతారు? నిజంగానే వచ్చాయి. 2008లో వెలువడిన సొరాఫెనిబ్ ప్రయోగంలో సగం మంది దాటిన కాలం 7.9 నెలల నుంచి 10.7 నెలలకు పెరిగింది. హెపటైటిస్ బి రోగులే ఎక్కువగా ఉన్న ఆసియా ప్రయోగంలో 4.2 నుంచి 6.5కు. ఇప్పుడు అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే రెండు ఇంజెక్షన్లు కలిపి ఇస్తే ఆ లెక్క 19.2 నెలలకు చేరింది. ఇంకో జంట మందుల ప్రయోగంలో నూటికి 20 మంది దాకా ఐదేళ్లు దాటారు. పదిహేనేళ్ల కిందట ఇది ఊహకు అందని మాట. దీన్ని దాచి చీకటి మాత్రమే చూపించే డాక్టరు కూడా అబద్ధమే చెబుతున్నట్టు. కానీ ఈ ప్రయోగాల్లోకి ఎవరిని తీసుకున్నారో చూడాలి. లివర్ పనితీరు ఏ తరగతిలో ఉండి, తిరగగలిగి, తమ పనులు తాము చేసుకోగలవాళ్లను. పొట్టలో నీరుతో, కామెర్లతో మంచం పట్టాక మన ఊళ్లనుంచి వచ్చే మనిషికి 19 నెలల లెక్క చెప్పడం వాన పడిన జిల్లా దిగుబడిని ఎండిన జిల్లాకు రాసినట్టు ఉంటుంది. కొత్త మందు ఎవరికి పనికొస్తుందో చెప్పడానికి కూడా ముందు ఆ ఏ, బీ, సీ చెప్పి తీరాలి. సొరాఫెనిబ్ వాడితే చాలామందికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, పొక్కి, పగులుతాయి. పార పట్టుకునేవాడికి, చెప్పుల్లేకుండా గట్ల మీద నడిచేవాడికి ఆ రెండు మూడు నెలల అదనపు కాలం ఎలాంటి కాలమో ముందే వివరించాలి. అప్పుడు కావాలో వద్దో ఆయన చెబుతాడు.

ఇదే మందు చరిత్రలో తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోదగ్గ ఘట్టం ఉంది. బేయర్ కంపెనీ సొరాఫెనిబ్‌ను నెలకు 2,80,428 రూపాయలకు అమ్ముతున్న రోజుల్లో, హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా పేటెంట్ చట్టం కింద అనుమతి కోరింది. 2012 మార్చి 9న దేశంలోనే మొట్టమొదటి కంపల్సరీ లైసెన్సు దానికి దక్కింది. నెల మందు 8,880 రూపాయలకు మించకుండా అమ్మాలని, ఏడాదికి కనీసం 600 మంది పేదలకు ఉచితంగా ఇవ్వాలని షరతు పెట్టారు. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2014లో ఊరట దొరకలేదు. ముప్పైవ వంతు ధరకు దిగిన ఆ మందు కథ ఒక అభ్యంతరానికి జవాబు కూడా. రోజులు లెక్కపెట్టి చెప్పడమంటే పేదవాణ్ని ఇంటికి పొమ్మనడమేనని, ఉన్నవాడికి చికిత్స, లేనివాడికి వేదాంతం చెబుతారని కొందరు కోపంగా అడుగుతారు. ఆ కోపం న్యాయమైనది. మందు ధర మనుషులు పెట్టింది, మనుషులు దించగలరు. ఇమ్యూనోథెరపీ ధర కోసం కూడా అలాంటి పోరాటమే జరగాలని నేను కోరుకుంటాను. కానీ డబ్బున్నవాడు పెద్ద ఆసుపత్రిలో కూర్చుని ఎంత కాలం, ఎంత లాభం, ఎంత బాధ అని ముప్పావుగంట అడిగి తెలుసుకుంటాడు. పేదవాడికి మందుతోపాటు అందకుండా పోతున్నది ఆ ముప్పావుగంట. అది కూడా హక్కుగానే అడగాలి.

చెప్పాక చేయి వదిలేస్తే మాత్రం చెప్పడం క్రూరమే అవుతుంది. "ఇక మా చేతుల్లో లేదు, ఇంటికి తీసుకుపోండి" అన్న మాట తర్వాత చేయగలిగింది చాలా ఉంటుంది. పొట్టలో నీరు బిగిసి ఊపిరి ఆడకపోతే సూదితో తీయవచ్చు, అరగంటలో మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. ఎముకలోకి పాకిన చోట నొప్పికి ఒక్కసారి రేడియేషన్ ఇచ్చినా చాలామందికి తెరిపి వస్తుంది. దురదకు, వాంతులకు, నిద్ర తారుమారుకు మందులున్నాయి. నొప్పి అనగానే మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఈ రోగులకు కిడ్నీలు చెడగొట్టి, కడుపులో రక్తం కార్పించవచ్చు. పారాసిటమాల్ రోజుకు రెండు గ్రాములు దాటకుండా డాక్టరు చెప్పినట్టు వాడుకోవచ్చు. అది చాలకపోతే మార్ఫిన్ ఉంది. లివర్ చెడినవాళ్లకు తక్కువ మోతాదులో, ఎడం పెంచి ఇవ్వాలి, అది తెలిసిన డాక్టరు కావాలి. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక ఈ మందు దేశంలో దాదాపు మాయమైంది. లైసెన్సుల చిక్కులు తగ్గిస్తూ 2014లో చట్టం సవరించారు. చట్టం మారినా భయం పోలేదు. ఉపశమన వైద్యం అవసరమైనవాళ్లలో ప్రపంచం మొత్తం మీద నూటికి 14 మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇది మన వల్ల కాదనడానికి వీల్లేదు. కేరళ 2008లోనే దీనికి ప్రభుత్వ విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన విభాగం ఏళ్లుగా నడుస్తోంది. బెంగళూరులో కరుణాశ్రయ, హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ పైసా తీసుకోకుండా చివరి రోజుల రోగులను చూసుకుంటున్నాయి. అవి కూడా ఆ రెండు నగరాల్లోనే ఉన్నాయి, మూడు వందల కిలోమీటర్ల అవతల. గుత్తి ప్రభుత్వ ఆసుపత్రికి కావాల్సింది కోట్ల రూపాయల యంత్రం కాదు. ఈ పనిలో శిక్షణ పొందిన ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, తాళం వేసిన బీరువాలో మార్ఫిన్ మాత్రలు, పొట్టలో నీరు తీసే సామగ్రి, వారానికి రెండు రోజులు పల్లెలకు పోయే ఒక బండి. ఏ ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో ఆశా కార్యకర్తలకు ఇప్పటికే తెలుసు.

దానికంటే ముందు, ఈ నెలలోనే చేయదగ్గది ఒకటుంది. రాష్ట్రంలో క్యాన్సర్ రోగిని ఇంటికి పంపే ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితం వెనకవైపు తెలుగులో ఐదారు వరసలు రాసి ఇవ్వాలి. జబ్బు ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పాకింది. లివర్ ఏ తరగతిలో ఉంది. ఇలాంటివాళ్లకు మామూలుగా ఎంత కాలం. ఏ లక్షణం కనబడితే ఎక్కడికి పోవాలి. నొప్పికి ఏది వేసుకోవచ్చు, ఏది వేసుకోకూడదు. ఇంట్లో ఎవరికి హెపటైటిస్ పరీక్ష చేయించాలి. రాసింది రోగికి చదివి వినిపించి, అర్థమైందని ఆయన చేత కింద సంతకం చేయించాలి. గుత్తి జంక్షన్‌లో దిగేటప్పుడు ఆ కాగితం ఆయన జేబులోనే ఉండాలి, కొడుకు సంచిలో కాదు.